మోడెం ఆపి మళ్లీ వేసే ముందు

ఇంట్లో ఇంటర్నెట్ ఆగిపోయిందని ఎవరికి చెప్పినా మొదట వచ్చే సలహా ఒక్కటే: మోడెం ఆఫ్ చేసి, ఓ నిమిషం ఆగి, మళ్లీ ఆన్ చేయండి. సేవ అందించే సంస్థకు ఫోన్ చేసినా అదే మాట, తెలిసినవారిని అడిగినా అదే మాట. నేను కూడా దాదాపు ఎనిమిది నెలల పాటు ఆ మాటనే నమ్ముకుని, రోజుకు రెండుసార్లు, కొన్ని రోజుల్లో ఐదారుసార్లు, మోడెం ప్లగ్ పీకి పెడుతూ వచ్చాను. పెట్టిన ప్రతిసారీ లైను తిరిగి వచ్చేది కాబట్టి అదే వైద్యమని అనుకున్నాను. అది వైద్యం కాదని, జబ్బు ఎక్కడుందో చెప్పే ఆనవాళ్లను ప్రతిసారీ నా చేత్తో నేనే తుడిచేస్తున్నానని తెలిసేసరికి ఎనిమిది నెలలు గడిచిపోయాయి. కేబుల్ మోడెం, అంటే టీవీ కేబుల్ తీగ మీదుగా ఇంటర్నెట్ తెచ్చే పెట్టె, పదేపదే లైను వదిలేస్తున్నప్పుడు రీస్టార్ట్ చేయడం మొదటి పని కాకూడదని నేను గట్టిగా అంటాను. మొదటి పని, మోడెం తన లోపల తానే రాసి పెట్టుకున్న చిట్టాను చదవడం.

రీస్టార్ట్ పనిచేసినట్టు ఎందుకు కనిపిస్తుందో ముందు చెప్పాలి. కరెంటు పోయి వచ్చిన మోడెం నేరుగా ఇంటర్నెట్‌లోకి వెళ్లదు. ముందుగా కేబుల్‌లో వచ్చే ఛానెళ్లను వెతికి తనకు పనికొచ్చేదాన్ని పట్టుకుంటుంది. తర్వాత, సంస్థ వైపున సీఎంటీఎస్ అనే ప్రధాన యంత్రం ఉంటుంది, దానికి తన గొంతు వినిపించాలంటే ఎంత గట్టిగా పలకాలో సరిచూసుకుంటుంది. ఈ సరిచూసుకోవడాన్నే రేంజింగ్ అంటారు. అది కుదిరాక ఐపీ చిరునామా తీసుకుని, తన సెట్టింగుల ఫైలును దించుకుని, చివరగా నమోదవుతుంది. ఇదంతా అయ్యేసరికి కొన్ని నిమిషాలు పడుతుంది. ఆ కొన్ని నిమిషాల్లో లైనులోని అలజడి దానంతటదే సద్దుమణిగి ఉండవచ్చు, లేదా మోడెం ఈసారి కాస్త శుభ్రమైన ఛానెల్‌ను పట్టుకుని ఉండవచ్చు. లైను వస్తుంది, మనం ఊపిరి పీల్చుకుంటాం, తప్పు మాత్రం ఎక్కడున్నది అక్కడే ఉంటుంది. పైగా సీఎంటీఎస్‌తో మాట తెగిపోయినప్పుడు ఏ మోడెమైనా తనంతట తానే ఈ వరుసనంతా మొదటి నుంచి మొదలుపెడుతుంది. మనం ప్లగ్ పీకి చేసే పని చాలావరకు అది ఎలాగూ చేయబోయే పనే. తేడా ఒక్కటే ఉంది: ప్లగ్ పీకితే అప్పటిదాకా పోగైన తప్పుల లెక్కలన్నీ సున్నాకు వస్తాయి. ఘటనల పట్టిక చాలా మోడెంలలో చెరగకుండా మిగులుతుంది గానీ కొన్నింటిలో అదీ పోతుంది. ఇక వెనకనున్న చిన్న రంధ్రంలో పిన్ను గుచ్చి ఫ్యాక్టరీ రీసెట్ చేస్తే మన సెట్టింగులు కూడా మిగలవు.

చిట్టా దగ్గరకు వెళ్లే ముందు తేల్చుకోవలసిన ప్రశ్న ఒకటుంది. పోతున్నది కేబుల్ లైనా, లేక వైఫైనా? ఈ రెండింటినీ కలిపి “నెట్ పోయింది” అనే ఒకే మాటతో చెప్పుకోవడం మనందరికీ అలవాటు. నేను మొదటి రెండు నెలలూ వైఫైనే అనుమానించాను. రౌటర్‌ను గది మార్చాను, ఛానెల్ మార్చాను, చివరకు కొత్త రౌటరే కొన్నాను. తేల్చుకునే పద్ధతి నిజానికి చాలా చిన్నది. ల్యాప్‌టాప్‌ను ఈథర్‌నెట్ వైరుతో రౌటర్‌కు కలిపి, రెండు కిటికీలలో రెండు పింగ్‌లు (ఒక చిరునామాకు చిన్న కబురు పంపి జవాబు వస్తోందా అని చూసే ఆదేశాలు) ఆగకుండా నడిపించాలి. ఒకటి ఇంట్లోని రౌటర్ చిరునామాకు, రెండోది 8.8.8.8 లాంటి బయటి చిరునామాకు. లైను పోయిన క్షణంలో రెండూ ఆగిపోతే తప్పు ఇంటి లోపలి పరికరంలో ఉంది. మొదటిది సాఫీగా నడుస్తూ రెండోది ఆగిపోతే తప్పు మోడెంలోనో దాని అవతలో ఉంది. వైరు మీద రెండూ బాగానే నడుస్తూ ఫోన్లకు మాత్రమే నెట్ అందకపోతే వైఫై వైపు చూడాలి. ఇదంతా పావుగంట పని. ఇది చేయకుండా పరికరాలు కొనడం నాడి చూడకుండా మందు రాసినట్టే. నేను ఈ పని చేసిన రోజున రౌటర్‌కు వెళ్లే పింగ్ ఒక్కటి కూడా తప్పలేదు. బయటికి వెళ్లేవి మాత్రం నాలుగున్నర నిమిషాల పాటు వరుసగా తప్పిపోయాయి, ఆ నాలుగున్నర నిమిషాలూ మోడెం మీద ఆన్‌లైన్ అనే దీపం ఆరి వెలుగుతూనే ఉంది.

ఇప్పుడు చిట్టా. మోడెంకు కలిపి ఉన్న కంప్యూటర్‌లో బ్రౌజర్ తెరిచి 192.168.100.1 అని కొడితే చాలా కేబుల్ మోడెంలు తమ స్థితిని చూపే పేజీని తెరుస్తాయి. మోడెం, రౌటర్ ఒకే పెట్టెలో ఉన్నవాటిలో ఈ పేజీ రౌటర్ చిరునామా మీదే దొరకవచ్చు. చూడగానే బెదరగొట్టేటట్టు అంకెలు వరుసలు కట్టి ఉంటాయి గానీ, వాటిలో మనకు కావలసినవి నాలుగే: డౌన్‌స్ట్రీమ్ పవర్, దాని పక్కనే సిగ్నల్‌కూ రొదకూ ఉన్న నిష్పత్తి, అప్‌స్ట్రీమ్ పవర్, తప్పుల లెక్క. ఆ కింద గానీ వేరే ట్యాబ్‌లో గానీ ఘటనల పట్టిక ఉంటుంది. ఈ పద్ధతికంతటికీ డాక్‌సిస్ అనే ప్రమాణం ఆధారం. కేబుల్‌ల్యాబ్స్ దాని మొదటి కూర్పును 1997లో వెలువరించింది. ఛానెళ్లను కలిపి వాడుకునే 3.0 కూర్పు 2006లోనూ, 3.1 కూర్పు 2013లోనూ వచ్చాయి. ఒకే ప్రమాణం కాబట్టి ఏ కంపెనీ మోడెమైనా ఈ అంకెల అర్థం ఒక్కటే, పేజీ రంగులే వేరు.

డౌన్‌స్ట్రీమ్ పవర్ అంటే మన దాకా వచ్చేసరికి సిగ్నల్ ఎంత మిగిలిందన్న కొలత. దాన్ని డీబీఎంవీ అనే కొలమానంలో చెబుతారు. డాక్‌సిస్ ప్రకారం మైనస్ 15 నుంచి ప్లస్ 15 దాకా మోడెం భరించాలి. అయితే మైనస్ 7కూ ప్లస్ 7కూ మధ్య ఉంటే నిశ్చింత. మరీ ఎక్కువైనా మంచిది కాదు, చెవిలో అరిచినవాడి మాట కూడా స్పష్టంగా వినపడదు. సిగ్నల్‌కూ రొదకూ ఉన్న నిష్పత్తి, 256 క్వామ్ (సిగ్నల్‌లో సమాచారాన్ని ఇమిడ్చే ఒక తీరు) పద్ధతి వాడే ఛానెళ్లలో, 33 డెసిబెళ్లకు పైన ఉండాలి. తప్పుల లెక్కలో రెండు గడులుంటాయి. ఒకటి మోడెం తానే సరిదిద్దుకున్న కోడ్‌వర్డులది (సమాచారం ముక్కలుగా వస్తుంది, ఒక్కో ముక్క ఒక కోడ్‌వర్డు), రెండోది సరిదిద్దలేక వదిలేసినవాటిది. మొదటి గడి కాస్త పెరిగినా కంగారు పడనక్కరలేదు, దారిలో దెబ్బతిన్న అక్షరాలను పూరించుకునే ఏర్పాటు ఆ సంకేత పద్ధతిలోనే ఉంది. రెండో గడిని మాత్రం గంట తేడాతో రెండుసార్లు చూసి రాసుకోవాలి. మోడెం వేసి ఎన్ని రోజులైందో తెలియనప్పుడు మొత్తం అంకె ఏమీ చెప్పదు, ఆ గంటలో ఎంత పెరిగిందన్నదే చెబుతుంది.

నేను అన్నిటికన్నా ఆలస్యంగా అర్థం చేసుకున్నది అప్‌స్ట్రీమ్ సంగతి. అది మోడెం తన గొంతును ఎంత పెంచి పలుకుతోందో చెప్పే అంకె. డౌన్‌స్ట్రీమ్‌లో తక్కువ ఉంటే దిగులు పడాలి, అప్‌స్ట్రీమ్‌లో ఎక్కువ ఉంటే దిగులు పడాలి. దారిలో సిగ్నల్ నష్టం పెరిగేకొద్దీ సీఎంటీఎస్ “వినపడటం లేదు, ఇంకొంచెం గట్టిగా” అని చెబుతూ ఉంటుంది, మోడెం పెంచుతూ పోతుంది. కానీ గొంతుకు ఒక హద్దు ఉంది. డాక్‌సిస్ 3.0 మోడెం నాలుగు అప్‌స్ట్రీమ్ ఛానెళ్లను 64 క్వామ్ పద్ధతిలో వాడుతున్నప్పుడు ఒక్కో ఛానెల్‌కు 51 డీబీఎంవీ దాకానే పలకాలని ప్రమాణం కోరుతుంది. ఆ హద్దు దగ్గర నిలబడి ఉన్న మోడెం పైకి మామూలుగానే కనిపిస్తుంది, వేగం పరీక్ష చేస్తే కొనుక్కున్న వేగం పూర్తిగా చూపిస్తుంది. దారిలో ఇంకో డెసిబెల్ నష్టం కలిసిన క్షణాన దాని మాట అవతలికి అందదు.

ఆ అందకపోవడమే ఘటనల పట్టికలో టీ3 టైమ్‌అవుట్ అనే పేరుతో కనిపిస్తుంది. మోడెం రేంజింగ్ కోసం కబురు పంపి, జవాబు కోసం 200 మిల్లీసెకన్లు ఎదురుచూస్తుంది. రాకపోతే టీ3 అని రాసుకుని మళ్లీ ప్రయత్నిస్తుంది. వరుసగా 16 ప్రయత్నాలు విఫలమైతే లైను వదిలేసి మొదటి నుంచి మొదలుపెడుతుంది. ఎప్పుడో ఒక టీ3 ఉండటం ఏ లైనులోనైనా సహజమే. గుంపులుగా ఉంటే అవి అప్‌స్ట్రీమ్ దారిలో గాయం ఉందని చెబుతున్నాయి. టీ4 అంటే అసలు మాట్లాడే వంతే తనకు అర నిమిషం పాటు రాలేదని అర్థం. సింక్ కుదరలేదన్న, అంటే వచ్చే సిగ్నల్‌తో తాళం కలవలేదన్న, వరుసలు డౌన్‌స్ట్రీమ్ వైపు వేలు చూపిస్తాయి. ఇంకో చిత్రమైన వరుస కూడా ఉంటుంది: 1970 జనవరి 1 అనే తేదీ. మోడెంలో బ్యాటరీతో నడిచే గడియారం ఉండదు, లైను కుదిరాక నెట్‌వర్క్ నుంచే సమయం తెలుసుకుంటుంది, అప్పటిదాకా కంప్యూటర్ లోకపు తొలి తేదీనే వేసుకుంటుంది. కాబట్టి పట్టికలో 1970 కనిపించిన ప్రతిచోటా మోడెం అప్పుడే లేచిందని గుర్తు. నా పట్టికలో ఆ తేదీలు మునుం పట్టినట్టు వరుసగా ఉన్నాయి. వాటిలో సగం నేను ప్లగ్ పీకి పెట్టినవి. వాటి మధ్య ఇరుక్కుని టీ3 వరుసలు ఎన్నో ఉన్నా, అసలు జబ్బు ఏ గంటకు మొదలైందో విడదీసి చెప్పలేని స్థితికి నేనే తెచ్చాను.

ఆ రోజు నేను రాసుకున్న అంకెలు ఇవి: డౌన్‌స్ట్రీమ్ మైనస్ 11, అప్‌స్ట్రీమ్ 51. రెండు దిశల్లోనూ నష్టం ఉందంటే, రెండు దిశలకూ ఉమ్మడిగా ఉన్న చోట ఏదో సిగ్నల్‌ను తినేస్తోందని అర్థం. మోడెం నుంచి కేబుల్‌ను చేత్తో తడుముకుంటూ వెళితే, బీరువా వెనక గోడకు కొట్టిన ఒక స్ప్లిటర్ (ఒక కేబుల్‌ను రెండుగా చీల్చే ముక్క) కనిపించింది, అక్కడి నుంచి ఇంకో గది దాకా వెళితే మరో స్ప్లిటర్. ఒకప్పుడు రెండు టీవీల కోసం పెట్టినవి. టీవీలకు ఆ కేబుల్ వాడటం మానేసి చాలా ఏళ్లైంది, వాటికి వెళ్లే తీగల కొసలు గాలిలో వేలాడుతున్నాయి. రెండు దారుల స్ప్లిటర్ ఒక్కోటి సుమారు మూడున్నర డెసిబెళ్లు తీసుకుంటుంది. అలాంటివి రెండు ఒకదాని వెనక ఒకటి ఉంటే ఏడు డెసిబెళ్లు. అంటే వచ్చిన శక్తిలో ఐదో వంతే మోడెందాకా చేరుతోంది. పైగా తెరిచి వదిలేసిన కొస నుంచి సిగ్నల్ తిరిగి వెనక్కి తన్నుతుంది, బయటి రొద లోపలికి దూరుతుంది. వాడని ద్వారానికి 75 ఓముల టర్మినేటర్ టోపీ బిగించాలన్న నియమం అందుకే ఉంది. నాకు ఆ రెండు స్ప్లిటర్లతోనూ పనే లేదు కాబట్టి రెండింటినీ తీసేసి, ఒక్క కలుపుడు ముక్కతో కేబుల్‌ను నేరుగా మోడెంకు తెచ్చాను. డౌన్‌స్ట్రీమ్ మైనస్ 4కు వచ్చింది, అప్‌స్ట్రీమ్ 44కు దిగింది. లెక్క సరిగ్గా ఏడు దగ్గర కుదరడం చూసి నాకు కలిగిన ఆనందాన్ని దాచుకోనవసరం లేదు. ఎనిమిది నెలల్లో ఆ లైను గురించి నాకు ఖాయంగా తెలిసిన మొదటి విషయం అదే.

లైను అక్కడితో బాగుపడి ఉంటే ఈ వ్యాసం రాసేవాణ్ని కాదేమో. రోజూ పోయేది వారానికి రెండుమూడుసార్లకు తగ్గింది గానీ ఆగలేదు. డిజిటల్ లైను తీరే అంత. పాతకాలపు టీవీలో సిగ్నల్ తగ్గితే బొమ్మ మీద చుక్కలు పడేవి, ఇంకా తగ్గితే ఇంకా ఎక్కువ చుక్కలు పడేవి, జబ్బు ముదురుతున్నది కంటికి కనిపించేది. మోడెంలో అలా కాదు. చేతిలో కాస్త మిగులు ఉన్నంతసేపు అంతా నిండుగా ఉంటుంది, మిగులు అయిపోయిన క్షణాన అంతా ఆగిపోతుంది. నా స్ప్లిటర్లు జబ్బు కాదు, అవి ఆ మిగులును తినేసిన బరువు మాత్రమే. జబ్బు వేరే చోట ఉంది, వచ్చి పోతోంది. వచ్చి పోయే జబ్బును పట్టాలంటే తేదీలు కావాలి. అందుకని ఒక నోటుపుస్తకం తీసి, లైను పోయిన ప్రతిసారీ ప్లగ్ జోలికి వెళ్లకుండా, గంట, నిమిషం, నాలుగు అంకెలు, బయట వాతావరణం ఎలా ఉందన్నది రాయడం మొదలుపెట్టాను. ఆరు వారాల్లో 14 సార్లు పోయింది. అందులో రెండు అర్ధరాత్రి దాటాక పోయినవి, అవి సంస్థవారు చేపట్టిన నిర్వహణ పనుల వల్లనని తర్వాత తెలిసింది. మిగిలిన 12 సార్లూ వాన పడిన రోజుగానీ, పడిన మర్నాటి ఉదయంగానీ పోయాయి. ఎండ కాసి మధ్యాహ్నం దాటిందంటే ఏ ఇబ్బందీ లేదు.

అంతకు ముందు రెండుసార్లు టెక్నీషియన్ వచ్చి వెళ్లారు. రెండుసార్లూ ఎండలో వచ్చారు, మీటరు పెట్టి చూశారు, “ఇప్పుడు అంతా బాగానే ఉంది కదండీ” అని వెళ్లిపోయారు. ఆయన అబద్ధం చెప్పలేదు, ఆ గంటలో నిజంగానే అంతా బాగుంది. మూడోసారి వచ్చినప్పుడు నేను నోటుపుస్తకం, వాన రాత్రి తీసిన పేజీ ఫోటోలు ఆయన ముందు పెట్టాను. వానలో డౌన్‌స్ట్రీమ్ మైనస్ 4 నుంచి మైనస్ 6కు మాత్రమే దిగింది, అప్‌స్ట్రీమ్ మాత్రం 44 నుంచి 51కి ఎగబాకింది, ఆ వెంటనే టీ3ల గుంపు. ఆయన ఆ ఫోటోలను ఒక నిమిషం చూసి, ఇంటి లోపలికి రాకుండా నేరుగా చూరు కిందికి వెళ్లారు.

ఆయన ఎందుకు అక్కడికే వెళ్లారో నాకు అప్పుడు తెలియదు, ఆయనే వివరించారు. కేబుల్ మధ్యలో ఉండే రాగి పిన్ కనెక్టర్‌లో సరిగా ఆనకపోతే, ఆ సన్నని ఎడం ఒక కెపాసిటర్‌లాగా పనిచేస్తుంది. కెపాసిటర్ ఎక్కువ ఫ్రీక్వెన్సీలను పోనిస్తుంది, తక్కువ ఫ్రీక్వెన్సీలను అడ్డుకుంటుంది. డౌన్‌స్ట్రీమ్ నడిచేది వందల మెగాహెర్ట్జ్‌ల మీద, అప్‌స్ట్రీమ్ నడిచేది కింది భాగంలో, పాత ఏర్పాట్లలో 5 నుంచి 42 మెగాహెర్ట్జ్‌ల మధ్య. అందువల్ల డౌన్‌స్ట్రీమ్ దాదాపు కదలకుండా అప్‌స్ట్రీమ్ ఒక్కటే దెబ్బతింటే కనెక్టర్ పిన్ మీద అనుమానం వెళుతుంది. అదే కేబుల్ పొడవునా నీరు పాకి ఉంటే పై ఫ్రీక్వెన్సీలే ముందు కుంగిపోతాయి. ఒక్క ఫోటోలోని రెండు అంకెలు ఆయనకు దారి చూపించాయి. వేగం పరీక్షల చిత్రాలు నేను అంతకుముందు ఎన్ని పంపినా ఆ పని చేయలేకపోయాయి.

చూరు కింద, బయటి కేబుల్ ఇంటి కేబుల్‌ను కలిసే చోట, ఎర్తింగ్ తీగ కట్టిన చిన్న లోహపు దిమ్మె ఉంది. ఆయన దాని మీది కనెక్టర్‌ను స్పానర్ పెట్టి తిప్పబోతే స్పానర్ అక్కరలేకుండానే తిరిగింది, ఎవరో ఎప్పుడో చేత్తో బిగించి వదిలేశారు. ఊడదీసి బోర్లించి తట్టేసరికి ఒక నీటిబొట్టు ఆయన బొటనవేలి గోరు మీద పడింది. వాన పడి అప్పటికి రెండు రోజులైంది. లోపలి పిన్ రాగి రంగులో లేదు, నల్లబడి, మొదట్లో పచ్చని పొడి పేరుకుని ఉంది. చుట్టూ ఉండే అల్లిక తీగల్లో ఒక పోగు విడిపోయి వెంట్రుకలా పిన్ వైపు వంగి ఉంది. చూడటానికి ఇంతే. బియ్యపు గింజంత చోటు. కానీ ఇంత ఎక్కువ ఫ్రీక్వెన్సీలో విద్యుత్తు తీగ నడిమధ్య నుంచి పోదు, పై పొర మీదుగానే పోతుంది. 100 మెగాహెర్ట్జ్‌ల దగ్గర రాగిలో ఆ పొర మందం మిల్లీమీటరులో వందో వంతు కూడా ఉండదు. ఉక్కు తీగకు రాగి పూత పూసిన కేబుల్ చక్కగా పనిచేయడానికి కారణం అదే, ఆ పూతకు చిలుము పడితే లైను మొత్తం కుంటుపడటానికి కారణమూ అదే. ఆయన కొసను ఓ జానెడు కోసేసి, తోలు వలిచి, పిన్ కనెక్టర్ అంచు దాటి మూడు మిల్లీమీటర్లు మాత్రమే బయటికి ఉండేటట్టు చూసి, కొత్త కంప్రెషన్ కనెక్టర్ నొక్కి, స్పానర్‌తో బిగించి, రబ్బరు తొడుగు వేశారు. వాననీరు జారి కనెక్టర్ మీదికి రాకుండా కేబుల్‌ను కిందికి ఓ వంపు తిప్పి కట్టారు. ఇరవై నిమిషాల పని.

ఇక్కడ ఒక అభ్యంతరం న్యాయంగానే వస్తుంది. నెలనెలా డబ్బు కట్టే ఇంటివారు డెసిబెళ్లు, టైమ్‌అవుట్లు ఎందుకు నేర్చుకోవాలి, అది సంస్థ బాధ్యత కాదా? బాధ్యత సంస్థదేనని నేనూ ఒప్పుకుంటాను, బయటి లైను బాగుచేయడం వారి పని, మనం దాని మీద చేయి వేయకూడదు కూడా. స్తంభం మీది తీగలు, ఎర్తింగ్ తీగ, అడాప్టర్ లోపలి భాగాలు మన జోలికి రానివి. కానీ తప్పు జరిగే క్షణంలో అక్కడ ఉండేది మనమే. సాక్ష్యం మన ఇంట్లోనే పుడుతుంది, ఎండ కాసేసరికి ఆరిపోతుంది. దాన్ని రాసి పెట్టేవారు లేకపోతే ఎంత నేర్పరి అయిన టెక్నీషియన్ వచ్చినా బాగున్న లైనునే చూసి వెళతారు.

ఇంకో కారణం ఉంది, నాకు అది మరింత ముఖ్యమనిపిస్తుంది. కేబుల్ లైను మన ఒక్కరిది కాదు. ఒక నోడ్ (చుట్టుపక్కల ఇళ్ల తీగలన్నీ చేరే సంస్థవారి పెట్టె) కింద ఎన్నో ఇళ్లు ఉంటాయి, వాటన్నిటి అప్‌స్ట్రీమ్‌లూ ఏటికి చేరే వాగుల్లాగా ఒకే దారిలో కలుస్తాయి. సిగ్నల్‌తోపాటు ప్రతి ఇంటి రొదా అక్కడే పోగవుతుంది. అప్‌స్ట్రీమ్ వాడే ఫ్రీక్వెన్సీల్లోనే బయట షార్ట్‌వేవ్ రేడియో ప్రసారాలు, సామాన్యులు మాట్లాడుకునే 27 మెగాహెర్ట్జ్‌ల సీబీ రేడియో మాటలు నడుస్తుంటాయి. ఒక ఇంట్లో వదులైన కనెక్టర్ యాంటెనాలాగా వాటిని లోపలికి పీల్చుకుని అందరి దారిలోకి వదులుతుంది. బీరువా వెనక నేను వదిలేసిన ఆ వేలాడే కొసలు ఎన్ని ఇళ్లకు ఇబ్బంది పెట్టాయో లెక్కకట్టలేను. తన ఇంట్లో ఏ తప్పూ లేకపోయినా టీ3లతో సతమతమయ్యే మనిషి ఉండవచ్చు. అలాంటివారికి ఇంట్లో చేయగలిగింది ఏమీ ఉండదు. చిట్టా చూపించి నోడ్ దాకా వెతకమని అడగడమే దారి.

అడగకుండా సొంతంగా చేసే పనుల్లో నేను గట్టిగా వద్దనేది యాంప్లిఫయర్ కొనడం. సిగ్నల్ బలహీనంగా ఉందనగానే చాలామంది సలహా ఇచ్చేది అదే. అది సిగ్నల్‌తోపాటు అప్పటికే చేరిన రొదనూ పెంచుతుంది. వెనక్కి వెళ్లే దారి లేని రకమైతే అప్‌స్ట్రీమ్‌ను పూర్తిగా మూసేసి మోడెం అసలే లేవకుండా చేస్తుంది. మోడెం మార్చి చూడటంలో తప్పు లేదు గానీ, అంకెలు చెడ్డగా ఉన్నంతకాలం కొత్త మోడెం కూడా అవే అంకెలతో బాధపడుతుంది. అంకెలన్నీ చక్కగా ఉండి, టీ3లు లేకుండా, మోడెం మాత్రం తనంతట తాను ఆరి వెలుగుతుంటే అప్పుడు అడాప్టర్‌నూ, గాలి ఆడని చోట కాగిపోతున్న మోడెంనూ అనుమానించవచ్చు. ఏది మార్చినా ఒకసారికి ఒకటే మార్చాలి, మార్చాక రెండు రోజులైనా ఆగి అంకెలు చూడాలి. ఒకేరోజు మూడు మార్పులు చేస్తే లైను బాగుపడినా ఏది బాగుచేసిందో తెలియదు, మళ్లీ పాడైనప్పుడు మొదటి మెట్టు నుంచే ఎక్కాలి.

సంస్థలకు కూడా నేను చెప్పదలచుకున్నది ఒకటుంది. ఫోన్ ఎత్తిన ఉద్యోగి ముందున్న కాగితంలో మొదటి ప్రశ్న “రీస్టార్ట్ చేశారా” అని ఉంటుంది. ఆ ఉద్యోగి తప్పు ఏమీ లేదు, అలా రాసిచ్చినవారిదే తప్పు. మోడెం అంకెలు సీఎంటీఎస్ నుంచి వారికీ కనిపిస్తాయి. మొదటి ప్రశ్న “మీ మోడెంను ముట్టుకోకుండా ఉంచగలరా, ఏ సమయాల్లో పోతోంది, వాతావరణం ఎలా ఉంది” అని మారితే, నాకు వచ్చిన మూడు రాకపోకల్లో రెండు మిగిలేవి. లైను పూర్తిగా పోయి ఎంతకీ రానప్పుడు, అంకెలు రాసుకున్నాక, రీస్టార్ట్ చేయవచ్చు. నేను వాదిస్తున్నది దాన్ని మానేయమని కాదు, దాని వరుస మార్చమని. పోయిన ప్రతిసారీ చేయకుండా ఒక్కసారి ఆగి రాసుకోవడానికి పట్టేది రెండు నిమిషాలు, లైను ఎలాగూ ఆ రెండు నిమిషాలు లేనే లేదు.

కనెక్టర్ మార్చిన రోజు సాయంత్రం మంచి స్థితిలోని అంకెలన్నీ ఒక కాగితం మీద తేదీ వేసి రాసి, మోడెం పక్కన గోడకు అంటించాను. డౌన్‌స్ట్రీమ్ మైనస్ 3, నిష్పత్తి 38, అప్‌స్ట్రీమ్ 41. లైను బాగున్నప్పుడే ఇవి రాసుకోవాలని ఇంతకుముందు నాకు తట్టలేదు, పాడైనప్పుడు దేనితో పోల్చాలో తెలియకనే అన్ని నెలలు తిరిగాను. నిన్న రాత్రంతా వాన కురిసింది. ఉదయం లేచి పేజీ తెరిచి కాగితంతో పోల్చి చూశాను. అప్‌స్ట్రీమ్ 41 దగ్గరే ఉంది, సరిదిద్దలేని కోడ్‌వర్డుల గడిలో సున్నా ఉంది, పట్టికలో చివరి టీ3 తేదీ ఆ కనెక్టర్ మార్చక ముందుది.